ఈపొద్దు డూమ్ కాదు కదా

మా అమ్మకు డూమ్ మెటల్ అంటే ఏమిటో తెలుసు. చిత్తూరులో మా వీధి మొత్తానికి ఆ మాట తెలిసిన ఆడమనిషి ఆమె ఒక్కతే అని పందెం కాయగలను. ఏడో తరగతితో బడి మానేసిన మనిషి సాయంత్రం దీపం పెట్టి, బియ్యం చేట ముందు వేసుకుని, "ఈపొద్దు ఏం పాటలు మే? డూమ్ కాదు కదా?" అని నన్ను అడిగేది. నేను ఫోను చూసి కాదంటే చేట మీద చేతులు మళ్ళీ ఆడేవి. అవునంటే ఆ పూట కంచం ముందు కూర్చున్నా ముద్ద దిగేది కాదు.

నవ్వొచ్చే సంగతే. స్టాఫ్ రూములో ఎవరికైనా నవ్వుతూ చెబుదామనే మొదలుపెడతాను. సగంలోనే ఆపేస్తాను. ఆ మాట మా అమ్మకు నేర్పింది నేనే. నేర్పకుండా ఉండాల్సింది.

మా అన్న నాకంటే నాలుగేళ్ళు పెద్ద. మాది పాత్రల అంగడి. నాయన పొద్దున షట్టరు ఎత్తితే మళ్ళీ భోజనానికే ఇంటికి వచ్చేవాడు. అన్న తిరుపతిలో బీటెక్ చదువుతూ హాస్టల్లో ఉన్నప్పుడు అతనికి రాక్ సంగీతం పట్టుకుంది. పట్టుకుంది అనే అనాలి, జ్వరం పట్టుకున్నట్టే. సెలవులకు వచ్చినప్పుడు ఒక చిన్న స్పీకరు తెచ్చి ఇంట్లో వినిపించాడు. నాయన కంచం మీద నుంచి తలెత్తి, "మన అంగట్లో అలమారా పడిపోయినట్టుండాదే" అని మళ్ళీ అన్నం కలుపుకున్నాడు. ఆ తర్వాత నేను రాక్ గురించి ఇంగ్లీషులో ఎన్నో సమీక్షలు చదివాను. నాయన మాటను మించింది దొరకలేదు.

నాకూ మొదట్లో అంతా ఒకటే గోల. ఆ మాటంటే అన్నకు కోపం వచ్చేది. "మామిడికాయ అనేస్తే సరిపోతాదా మే? బేనీషా వేరే, నీలం వేరే, తోతాపురి వేరే. సిత్తూరోళ్ళం మనమే అట్లంటే ఎట్ల?" అని మిద్దె మీద కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టేవాడు. పంక్ అంటే తోతాపురి పచ్చికాయట. కోసి ఉప్పూకారం అద్దుకోవడమే, వంట రానక్కర్లేదు. గిటారు మీద మూడు కార్డ్స్ తెలిస్తే చాలు, రెండు నిమిషాల్లో పాట అయిపోతుంది. థ్రాష్ అంటే డ్రమ్ములవాడికి దెయ్యం పట్టిన వేగం. ప్రోగ్రెసివ్ అంటే ఒక పాటే ఇరవై నిమిషాలు సాగి, తాళం లెక్క మధ్యలో ఏడులోకి, అయిదులోకి మారిపోయేది. డూమ్ అన్నిటికంటే నిదానం. తీగలు వదులు చేసి, ఒకసారి మీటి, ఆ మోత పూర్తిగా అణిగేదాకా రెండోసారి మీటరు. నేను తొమ్మిదో తరగతి. తల ఊపుతూ, మామిడికాయ మాట వచ్చింది కాబట్టి ఉప్పూకారం కోసం కిందికి దిగే సమయం ఎప్పుడొస్తుందా అని చూసేదాన్ని.

బీటెక్ రెండో ఏడు నుంచి అన్న జుట్టు పెంచాడు. భుజాలు దాటింది. తిరుపతిలో మగవాడు జుట్టు పెంచితే జనం అడిగేది ఒకటే ప్రశ్న: మొక్కా? ఎప్పుడిస్తున్నావు? ఆటో అతను అడిగేవాడు, హోటల్లో సర్వరు అడిగేవాడు, హాస్టల్ వార్డెన్ అయితే నెలనెలా అడిగేవాడట. ఒకసారి మా పిన్నమ్మ మనవడి పుట్టువెంట్రుకలు తీయించడానికి అందరం కొండకు వెళ్ళాం. కల్యాణకట్ట దగ్గర బంధువులంతా అన్న చుట్టూ చేరారు. ఎటూ ఇంతదూరం వచ్చావు, పిల్లోడి పక్కన నువ్వూ కూర్చో అని ఆటపట్టించారు. అన్న నవ్వలేదు. "ఇది దేవుడికి పెంచింది కాదు పిన్నమ్మా. నా కోసరం నేను పెంచుకుండేది" అని బయటికి వెళ్ళి నిలబడ్డాడు. అమ్మ గబగబా చెంపలు వేసుకుంది.

చదువయ్యాక బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. ఏడాది దాటి రెండు నెలలు చేశాడు. ఒక రోజు ఒక సంచీతో, భుజాన గిటారుతో ఇంటికి వచ్చేశాడు. ఏం జరిగిందో చెప్పలేదు. పగలంతా పడుకునేవాడు, అన్నానికి పిలిస్తే వస్తున్నా అని వచ్చేవాడు కాదు. నాయన డాక్టరు దగ్గరికి తీసుకెళితే ఆయన నీరసం అని టానిక్కు రాశాడు. నెల గడిచాక అమ్మ అన్న చొక్కా ఉతకబోతూ జేబులో ఒక కాగితం చూసింది. అందులో ఏముందో నాకు ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు. చదివి, చింపి, పొయ్యిలో వేసి, నీళ్ళ తొట్టి దగ్గర చాలాసేపు కూర్చుండిపోయింది. పిల్లోడు బతకడం వద్దనుకుంటున్నాడని మాత్రం మా ముగ్గురికీ ఆ రోజే అర్థమైంది.

అర్థమైంది గానీ ఎవరమూ ఆ మాట పలకలేదు. చెడ్డమాట నోట వస్తే తథాస్తు దేవతలు అట్లే అంటారని మా ఇంట్లో పట్టింపు. పాత్రల అంగట్లో కూడా సరుకు అయిపోయింది అనరు, నిండుకుంది అంటారు. అలాంటి ఇంట్లో కన్నకొడుకు గురించి ఆ మాట ఎట్లా వస్తుంది? అందుకని అతను తిన్నాడా, నిద్రపోయాడా, మొహం ఎట్లా ఉంది అని చుట్టూ తిరిగి చూడటం మొదలుపెట్టాం. అసలు దాన్ని మాత్రం ముట్టుకోలేదు.

కొన్నాళ్ళకు అన్న తిరుపతికి వెళతానన్నాడు. హాస్టల్ స్నేహితుడు బస్టాండు దగ్గర ఆన్‌లైన్ సెంటరు పెట్టుకున్నాడు. యాత్రికులకు దర్శనం టికెట్లు, గదులు బుక్ చేసి పెట్టే పని. నాయన ఒప్పుకోలేదు. ఇంట్లో కూర్చుని గోడ చూడటం కంటే నయమని నేనే వాదించి పంపించాను. రైల్వే స్టేషను వెనక ఒక గది తీసుకున్నాడు. నేను చిత్తూరులో ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరుగా చేరాను. అమ్మా నాయనా నాతోనే. తిరుపతి మాకు రెండు గంటల బస్సు దూరం కూడా లేదు. కానీ రోజూ వెళ్ళి మనిషిని చూసి రాలేం కదా.

అక్కడే నా తెలివి పనిచేసింది. అన్న కాలేజీ రోజుల్లో తెరిచిన పాటల యాప్ ఖాతా ఒకటుంది. అదే ఖాతా నా ఫోన్లోనూ ఉంది. తను తిరుపతిలో పాట పెట్టుకుంటే ఇక్కడ నా ఫోన్లో కనిపిస్తుంది, ఏ పాట, ఎవరిది, ఎప్పుడు మొదలైంది అన్నీ. మొదటి వారం ఊరికే చూశాను. రెండో వారం ఒక పాత లెసన్ ప్లాన్ పుస్తకం తీసి గళ్ళు గీశాను. టీచర్లకు గళ్ళు గీసే జబ్బు ఉంటుంది, లెక్కల టీచర్లకు మరీ. ఒక గడిలో తేదీ, ఒక గడిలో పాటల రకం, ఇంకో గడిలో ఆ రోజు ఫోనులో అన్న గొంతు ఎట్లా ఉంది. గొంతుకు పదికి ఎన్ని మార్కులో వేసేదాన్ని.

రకం తెలియాలంటే ఆ పాటలు యూట్యూబులో వెతుక్కుని నేను వినాలి. అట్లా రాక్ నేర్చుకున్నాను. ఇష్టపడి కాదు, కాపలా కోసం. బడికి నడిచి వెళ్ళేటప్పుడు, పేపర్లు దిద్దేటప్పుడు, గిన్నెలు తోమేటప్పుడు చెవిలో అదే. మొదటి నెల తలనొప్పి వచ్చేది. తర్వాత మెల్లగా గోలలోంచి గోల విడిపడటం మొదలైంది. డూమ్‌కూ స్లడ్జ్‌కూ తేడా ఏమిటో పట్టుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది. రెండూ నిదానమే, రెండూ బరువే. కానీ స్లడ్జ్‌లో పాడేవాడికి ఇంకా కోపం మిగిలి ఉంటుంది, అరుస్తాడు. డూమ్‌లో ఆ కోపం కూడా అయిపోయి ఉంటుంది. బ్లాక్ మెటల్ వాళ్ళు కావాలనే పాడు రికార్డింగు చేస్తారని తెలిసి, మంచి చీర కట్టుకుని బురదలో కూర్చోవడం ఏమిటని తిట్టుకున్నాను. గ్రంజ్ వింటే స్నానం చేయని మనిషి గుర్తొచ్చేవాడు. పోస్ట్ రాక్‌లో మాటలే ఉండవు. అది కనిపించిన రోజు ఏ మార్కు వేయాలో తెలిసేది కాదు.

ఒకటి మాత్రం నాకే నచ్చింది. షూగేజ్ అని ఒక రకం. వాయించేవాళ్ళు తలెత్తకుండా కాళ్ళ దగ్గరున్న మీటల వైపే చూస్తూ వాయిస్తారట, అందుకా పేరు. అందులో గిటార్ల హోరు కింద పాడేవాళ్ళ గొంతు ఉండీ లేనట్టుంటుంది. వంటింట్లో మిక్సీ తిరుగుతుండగా పక్క గదిలో ఎవరో మనతో మాట్లాడుతున్నట్టు. ఏం చెబుతున్నారో వినపడదు, చెబుతున్నారని మాత్రం తెలుస్తుంది. నచ్చినందుకు నాకు తప్పు చేసినట్టుండేది. అన్న బాధ పడుతున్న చోటికి వెళ్ళి నేను సంతోషం వెతుక్కున్నట్టు.

మూడు నెలలకు నా పట్టిక తయారైంది. పంక్ అయితే మంచి రోజు. థ్రాష్ అయితే చిరాకు, పర్వాలేదు. గ్రంజ్ అయితే తినలేదు, మధ్యాహ్నం ఒకసారి ఫోను చేయాలి. డూమ్ అయితే పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడుసార్లు చేయాలి. ఇదంతా అమ్మకు చెప్పాను. ఆమె అప్పటికే భయంతో సగం చచ్చి ఉంది, ఏదో ఒక ఆధారం చేతికిస్తే బాగుంటుందనుకున్నాను. అమ్మ రెండే మాటలు పట్టుకుంది, పంక్, డూమ్. తిథీ వర్జ్యం చూసుకున్నట్టు చూసుకునేది. నాయన కూడా అంగట్లోంచి వస్తూనే చెప్పులు విప్పకముందే నా మొహం చూసేవాడు. నేను తలాడిస్తే కాళ్ళు కడుక్కునేవాడు.

ఆ ఏడు వానలు మొదలయ్యే రోజుల్లో వరసగా మూడు రోజులు డూమ్ వచ్చింది. వేరేదేదీ లేదు. ఫోను చేస్తే "బాగుండాను మే, పనుండాది" అని పెట్టేసేవాడు. నాలుగో రోజు పొద్దున ఫోనే ఎత్తలేదు. అమ్మ దేవుడి గదిలోంచి బయటికి రాలేదు. నాకు బడిలో పరీక్షలు. నాయన తిరుపతిలో తనకు తెలిసిన పాత్రల వ్యాపారికి ఫోను చేసి, ఒకసారి గదికి వెళ్ళి చూడమన్నాడు. ఆయన మంచి మనిషే. అంగట్లో పనివాళ్ళు ఇద్దర్ని వెంటేసుకుని వెళ్ళి తలుపు దబదబా బాదాడు. ఇల్లుగలావిడ, పక్క వాటాలవాళ్ళు అంతా వచ్చారు. అన్న తలుపు తీశాడు. చేతికి చెనక్కాయల ఊరుబిండి, అదే వేరుశనగ పచ్చడి, అంటుకుని ఉందట. రోట్లో నూరుకుంటున్నాడు, ఫోను చార్జింగుకు పెట్టి. వ్యాపారి ఆయాసపడుతూ, అందరూ వింటుండగా, "మీ నాయన పంపించినాడప్పా, నువ్వు బతికుండావో లేదో సూసి రమ్మని" అన్నాడు.

మా ఇంట్లో ఎవరమూ పలకని మాట మొదట పలికింది ఆ వ్యాపారి, అదీ నలుగురి ముందు.

ఆ సాయంత్రం అన్న నాకు ఫోను చేశాడు. కోప్పడతాడనుకున్నాను. ఎట్లా తెలుస్తున్నాయి మీకు నా సంగతులు అని నిదానంగా అడిగాడు. దాచలేక అంతా చెప్పేశాను. ఖాతా, గళ్ళు, మార్కులు, అమ్మ అడిగే ప్రశ్న. అమ్మ నోట డూమ్ అనే మాట వస్తుందంటే అతను నవ్వాడు కూడా. తర్వాత చెప్పాడు. "డూమ్ ఇంటే నాకు మేలుగా ఉంటాది మే. నాకంటే ఎక్కువ మోసేటోడు యాడో ఒకడు ఉండాడనిపిస్తాది. అప్పుడు లేసి వంట సేసుకుంటా." నేను క్షమించమన్నాను. పర్లేదులే అన్నాడు. ఖాతా మార్చుకోమని నేను అనలేదు, తనూ మార్చుకోలేదు.

అప్పుడైనా నా పట్టిక చింపేసి ఉండాల్సింది. డూమ్ విన్న రోజే అతను వంట చేసుకున్నాడంటే నా గళ్ళన్నీ తలకిందులని ఏ పిల్లనైనా అడిగితే చెబుతుంది. నేను చింపలేదు. కాపలా అలవాటైపోయింది, అమ్మకూ అలవాటైపోయింది. సాయంత్రమైతే ఏదో ఒకటి చెప్పాలి కదా.

ఆ తర్వాత అంతా పంక్. ఒక రోజు కాదు, వారాల కొద్దీ. చలాకీ పాటలు, చప్పట్లు కొట్టే పాటలు. ఒకదాని తర్వాత ఒకటి. ఫోనులో గొంతు కూడా హుషారుగా ఉండేది. అమ్మ ముఖంలోకి నెత్తురు వచ్చింది. ఒక ఆదివారం ఏ పండగా లేకుండానే పాయసం చేసి పక్కింటికి కూడా పంపింది. నాయన అంగడి కట్టేసి వచ్చి, "ఏందో మీ పంకు, మనకు అచ్చొచ్చినాదే" అన్నాడు. నేను నోటుపుస్తకంలో రాయడం తగ్గించాను. అంతా ఒకటే మార్కయితే రాసేదేముంది.

అట్లా ఉండగా ఒక శుక్రవారం మధ్యాహ్నం ఇంటి వాట్సాప్ గ్రూపులో అన్న ఫోటో పెట్టాడు. నున్నటి గుండు. గుండు మీద చల్లగా గంధం పూసి ఉంది. కింద ఒక్క మాట కూడా రాయలేదు. ఆరేళ్ళ జుట్టు.

గ్రూపంతా గోవింద నామాలతో నిండిపోయింది. కొండ మీద మా మాటకు కోపగించుకున్నాడు కదా, ఇప్పుడు స్వామే పిలిపించుకున్నాడని పిన్నమ్మ పెద్ద మెసేజి పెట్టింది. అమ్మ ఫోటోను కళ్ళకద్దుకుని ఏడ్చింది, సంతోషంతోనే. నాయన అంగట్లో బేరానికి వచ్చినవాళ్ళకు కూడా చూపించాడట. మా స్టాఫ్ రూములో అందరూ నాకు అభినందనలు చెప్పారు. నేనూ నవ్వుతూ తీసుకున్నాను. మా పక్క ఒక మనిషి గుండు చేయించుకుంటే ఎందుకని ఎవరూ అడగరు. వేరే ఊళ్ళో అయితే ఏమైందని కంగారుపడి అడిగేవాళ్ళేమో. ఇక్కడ అది శుభవార్త.

ఆదివారం పొద్దున పేపర్లు దిద్దుతున్నాను. ఒక పిల్ల జవాబులన్నీ సరిగ్గా రాసింది, మధ్యలో ఒక్క మెట్టు కూడా చూపించలేదు. ఇది చేసిన లెక్క కాదు, చూసి రాసిన లెక్క అనుకున్నాను. అనుకున్నాక చెయ్యి ఆగిపోయింది. ఫోను తీసి అన్న పాటల జాబితా వెనక్కి జరుపుకుంటూ చూశాను. పొద్దున ఆరున్నరకు మొదలు, రాత్రి తొమ్మిదికి ఆపు. అవే పాటలు, అదే వరస. ఒక్క పాట దాటేసింది లేదు, మధ్యలో ఆపింది లేదు. మూడు వారాలుగా ఇదే. కౌంటరులో కూర్చుని యాత్రికుల ఆధార్ నంబర్లు కొట్టే మనిషి పొద్దస్తమానం పాటలు ఎట్లా వింటాడు? వినేవాడెవడైనా ఒక పాటను మళ్ళీ పెట్టుకోకుండా, ఒక పాటను విసుక్కోకుండా ఉంటాడా? లెక్కల టీచరును, నాకు కనిపించలేదు. చూడాలనుకోలేదు, అదీ నిజం.

అప్పుడు జుట్టు సంగతి వేరేగా కనిపించింది. నా కోసరం పెంచుకున్నది అని బంధువులందరి ముందు చెప్పినవాడు, ఎవరూ అడగకుండా తీసుకెళ్ళి ఇచ్చేశాడు. అమ్మకు బడిలో మీటింగని అబద్ధం చెప్పి బస్టాండుకు వెళ్ళాను. పూతలపట్టు దగ్గర బస్సు ఆగితే ఫోను చేద్దామని తీసి మళ్ళీ సంచీలో పెట్టేశాను. ఫోనులో బాగుండాను అంటాడు, నేను నమ్ముతాను, మళ్ళీ మొదటికే వస్తుంది.

తిరుపతి బస్టాండులో దిగితే ఎటు చూసినా గుండ్లే. ఆడవాళ్ళవి, చంటిపిల్లలవి, ముసలివాళ్ళవి, మావాడి వయసువాళ్ళవి. ఎన్నో వందలసార్లు ఆ జనంలోంచి నడిచాను, ఒక్కసారి కూడా మొహాలు చూడలేదు. ఆ రోజు ప్రతి మొహం చూశాను. ఎవరు సంతోషంతో ఇచ్చారో, ఎవరు వదిలించుకున్నారో చెప్పగలనేమోనని. చెప్పలేకపోయాను.

గది తలుపు దగ్గరికి వేసి ఉంది. తోస్తే తెరుచుకుంది. అన్న చాప మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. గది ఎప్పుడూ లేనంత శుభ్రంగా ఉంది. పుస్తకాలు తాడు కట్టి ఉన్నాయి. గిటారు ఉండే మూల ఖాళీ. ఎక్కడని అడిగితే వీధి చివర చర్చిలో వాయించేవాళ్ళకు ఇచ్చేశానన్నాడు. ఫోను కిటికీలో ఉంది, చార్జరు తగిలించి. చేతిలోకి తీసుకుంటే పాట నడుస్తోంది, పంక్. శబ్దం మాత్రం సున్నాలో పెట్టి ఉంది.

తెర మీద పాట ఎంతదాకా వచ్చిందో చూపే గీత కదులుతూనే ఉంది.

"ఎవురి కోసరం అన్నా ఇది?"

"మీకోసరమే. అమ్మ నిద్రపోతాదని."

నాకు కోపం వచ్చింది. దుఃఖం రావాల్సిన చోట కోపమే వచ్చింది, నా స్వభావం అంతే. మూడు వారాలు మమ్మల్ని ఇట్లా మోసం చేస్తావా అని నోటిదాకా వచ్చింది. కానీ మోసం నేర్పిందెవరు? అతను మాకేం కావాలో అది ఇచ్చాడు. మాకు అతని సంగతి అక్కర్లేదు, పంక్ అనే మాట కావాలి. పక్కన కూర్చుని, జుట్టెందుకు ఇచ్చేశావని అడిగాను.

"ఇంక నాకెందుకు మే" అన్నాడు.

అంతే, అంత మామూలుగా. పాత చొక్కా గురించి చెప్పినట్టు. చెయ్యి పట్టుకున్నాను. మా అమ్మ, తథాస్తు దేవతలు, ఊరంతా కలిసి నా నోటికి అడ్డం నిలబడ్డట్టయింది. అడిగితే లేని ఆలోచన కూడా నేనే పుట్టించినట్టవుతుందేమో అనిపించింది. అయినా అడిగాను.

"సచ్చిపోవాలని ఉండాదా అన్నా?"

అన్న నా వైపు తిరిగాడు. బెంగళూరు నుంచి వచ్చినప్పటి నుంచి అంత తిన్నగా నన్ను చూడలేదు.

"ఉండాది" అన్నాడు. "శానా దినాలుగా ఉండాది."

తర్వాత ఏడ్చాడు. చిన్నప్పుడు సైకిలు మీద నుంచి పడ్డప్పుడు కూడా అట్లా ఏడవలేదు. నేను ఓదార్చలేదు. ఎప్పటి నుంచి, ఏ పూట ఎక్కువ, ఈరోజు ఏమనుకుంటున్నావు అని ఒక్కొక్కటే అడుగుతూ పోయాను. అతను ఒక్కొక్కటే చెబుతూ పోయాడు. ఒక్కటీ దాచలేదు. బెంగళూరులో ఏం జరిగిందో కూడా చెప్పాడు, అది అతని సంగతి, ఇక్కడ రాయను. నడుమ ఒకసారి లేచి నీళ్ళు తాగాడు. "ఇంతకాలం ఒకరన్నా అడిగితే సెప్పుదామనే ఉంటిని. అందురూ తినినావా అనే అడిగినారు" అన్నాడు. తిన్నావా అని రోజుకు మూడుసార్లు ఫోను చేసింది నేనే.

నాయనకు ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను, ఆ మాటతో సహా. "మేం వస్తా ఉండాం, వాణ్ణి ఇడిసిపెట్టి యాడికీ పోవాకు" అన్నాడు. సాయంత్రానికి అమ్మా నాయనా వచ్చారు. అమ్మ గుండు మీద చెయ్యి పెట్టి నిమిరింది, ఈసారి గోవింద అనలేదు. ఆ గదిలో నలుగురం ఇరుక్కుని పడుకున్నాం.

మరుసటి రోజు పొద్దున పెద్దాసుపత్రిలో మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. అమ్మా నాయనా బయట బల్ల మీద కూర్చున్నారు. నన్ను లోపల ఉండమని అన్నే అడిగాడు. డాక్టరమ్మ తొందరపడకుండా అన్నీ అడిగి రాసుకుంది. నిద్ర, ఆకలి, పని. ఈ ఆలోచనలు వచ్చినప్పుడు ఇంట్లో ఎవరితోనైనా చెప్పుకుంటావా అని అడిగింది.

అన్న ఆలోచించను కూడా లేదు. "మా సెల్లెలితో" అన్నాడు.

ఆమె నా వైపు తిరిగింది. మంచిదమ్మా, అట్లా చెప్పుకునే మనిషి ఒకరు ఉండటం చాలా పెద్ద విషయం అంది. కలం కాగితం మీద పెట్టి, ఎన్నాళ్ళ నుంచి మీతో చెప్పుకుంటున్నాడు అని అడిగింది.

నిన్నటి నుంచి అని చెప్పాను.